నీళ్లొచ్చే దారే నగరం హద్దు

కాకినాడ జిల్లా ఏలేశ్వరం దగ్గర ఏలేరు జలాశయం నుంచి బయలుదేరిన నీరు 153 కిలోమీటర్ల కాలువ వెంట నడిచి విశాఖపట్నం చేరుతుంది. తాండవ, వరాహ, శారద నదులు పడమటి కొండల్లో పుట్టి తూర్పున సముద్రంలో కలుస్తుంటే, ఈ కాలువ వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ ఈశాన్యానికి సాగుతుంది. చాలా మేర అది మట్టి కాలువే. పొలాలు ఎండే రోజుల్లో గట్ల మీద ఇంజన్లు, మోటార్లు వెలుస్తాయి. పక్క ఊళ్ల రైతులు రబ్బరు గొట్టాలు వేసి నీళ్లు తోడుకుంటారు. దానికి కార్యాలయాల్లో ఉన్న పేరు నీటి చౌర్యం. చివరికి చేరిన నీరు కణితి జలాశయం ద్వారా ఉక్కు కర్మాగారానికీ, మిగతా పరిశ్రమలకూ, నగరంలోని కుళాయిలకూ పోతుంది. ఇంతకీ కాలువ మొదలయ్యే ఏలేశ్వరం విశాఖ మహానగర ప్రాంతం పటంలోనే లేదు. నగరానికి ఊపిరి పోస్తున్న తూము నగర ప్రణాళికకు వెలుపల ఉంది. ఆ తూము కిందే బతికే పిఠాపురం వైపు ఆయకట్టుకు ఆ ప్రణాళికలో నోరు లేదు. మహానగర ప్రాంతం అంటే ఏమిటి, దాని హద్దు దేన్ని బట్టి గీయాలి, ఆ హద్దులో ఉన్నవాళ్లకు ఏ హక్కు ఉండాలి అన్న చర్చను ఈ కాలువ గట్టు మీద నుంచే మొదలుపెట్టడం మంచిది.

విశాఖ హద్దుల చరిత్రలో ఒక వింత ఉంది. జిల్లా చిక్కిపోతూ వచ్చింది, ప్రణాళిక పటం ఒళ్లు చేస్తూ వచ్చింది. మద్రాసు రాజధానిలో పెద్ద జిల్లాల్లో ఒకటిగా ఉన్న విశాఖపట్నం నుంచి 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం ఏజెన్సీ విడిపోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరుపడ్డాయి. 2022 ఏప్రిల్ 4న మిగిలింది కూడా మూడు ముక్కలై, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు పుట్టాయి. ఇప్పుడు విశాఖ జిల్లా అంటే 11 మండలాలు, 1,048 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో రాష్ట్రంలోకెల్లా చిన్న జిల్లా. మరోవైపు 1962లో ఒక టౌన్ ప్లానింగ్ ట్రస్టుగా మొదలైన ప్రణాళిక వ్యవస్థ 1978లో విశాఖపట్నం నగరాభివృద్ధి సంస్థగా, అంటే వుడాగా మారి 1,721 చదరపు కిలోమీటర్లు చూసుకుంది, తర్వాత 5,573కు పెరిగింది. 2018 సెప్టెంబరులో విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థగా, అంటే వీఎంఆర్‌డీఏగా పేరు మార్చుకుని, 2021 నాటికి 7,300 చదరపు కిలోమీటర్లు దాటింది. తన పేరు పెట్టుకున్న జిల్లాకు అది ఏడింతలు. నడుమ నగరపాలక సంస్థ మరో గీత గీసుకుంది. 2005లో గాజువాకను, చుట్టూ ఉన్న 32 గ్రామాలను కలుపుకుని ‘గ్రేటర్’ అయింది. 2013లో భీమిలిని, అనకాపల్లిని కూడా కలుపుకుంది. ఫలితంగా ఇవాళ అనకాపల్లి పట్టణం ఒక జిల్లాకు కేంద్రం, పక్క జిల్లా నగరపాలక సంస్థకు ఒక జోను. అక్కడి ఇంటాయన వీధిలైటు వెలగకపోతే చెప్పుకోవాల్సింది విశాఖ నగరపాలక సంస్థకు, భూమి రికార్డు సరిచేయించుకోవాల్సింది అనకాపల్లి కలెక్టరేటులో.

జిల్లాలు చిన్నవి కావడానికి కారణం ఉంది. పాలన మనిషికి దగ్గర కావాలి. ప్రణాళిక ప్రాంతం పెద్దది కావడానికీ కారణం ఉంది. రోడ్డు, కాలువ, పొగ ఊరి పొలిమేర దగ్గర ఆగవు. రెండూ కాదనలేనివే. చిక్కు ఎక్కడంటే, ఈ రెండు గీతల మధ్య జవాబుదారీ జారిపోయింది. వీఎంఆర్‌డీఏ పటాన్ని నడిపించింది భూమి. ఎక్కడ ప్లాట్లు పడతాయి, ఎక్కడ అంతస్తులు లేస్తాయి, ఎక్కడ రోడ్డు పోతుంది అన్నవే దాని ప్రధాన ప్రశ్నలు. నగరాన్ని నిజంగా నిలబెడుతున్నవి నీళ్లు, ఖనిజం, ఊళ్లు వదులుకున్న భూములు. నగరం తిరిగి పంపేవి పొగ, వ్యర్థాలు, కొన్ని ఉద్యోగాలు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల పటం గీస్తే అది ఆ భూమి పటం మీద కుదురుకోదు. పటాన్ని ఎంత పెంచినా ఈ రెండోదాని లెక్క అందులోకి ఎక్కనంత వరకు పెరిగేది రియల్ ఎస్టేటు పరిధే. ఈ వ్యాసం వాదన ఇదే.

లెక్క రేవుతోనే మొదలవుతుంది. విశాఖ రేవు పుట్టింది విశాఖ కోసం కాదు. మధ్య పరగణాల మాంగనీసు సముద్రం చేరడానికి దగ్గర దారి కావాలని బెంగాల్ నాగపూర్ రైల్వే చూసిన చూపులో, యారాడ కొండ చాటున మేఘాద్రిగెడ్డ కలిసే బురద నేల రేవుగా కనిపించింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుదారి 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే నౌక కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి మరో రైలుదారి వేశారు. బస్తర్ బైలడీలా గనుల ఇనుప ఖనిజం అనంతగిరి, అరకు కొండల మీదుగా దిగి జపాను ఓడలెక్కింది. ఆ ఓడల కోసమే 1976 నాటికి ఔటర్ హార్బర్ సిద్ధమైంది. 1901లో సుమారు 40 వేల మంది ఉన్న పట్నం 2011 నాటికి 17 లక్షలు దాటడానికి మూలం ఈ దారులే. ఈ నగరం తన చుట్టుపక్కలను తయారుచేసుకోలేదు, చుట్టుపక్కలే దీన్ని తయారుచేశాయి. గనుల దగ్గరి మనిషికి ఈ రేవుతో ఏర్పడ్డ సంబంధం ఒక వ్యాగను లోడు పాటిది. పాతనగరంలో కిటికీ చువ్వల మీద పేరుకునే బొగ్గు ధూళి కూడా ఆ వ్యాపారంలో భాగమే. రేవు ఆదాయం ఒక ఖాతాలో పడుతుంది, ఆ ధూళి తుడుచుకునే పని మరొకరి వాకిట్లో పడుతుంది.

ఉక్కు కథ ఇంకా పదునైనది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966లో ఒక్క విశాఖలో వినిపించింది కాదు. టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం వంటివారు ముందు నిలిచారు, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పోరాటం రాష్ట్రమంతటిదీ. అందుకే కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడు రాయలసీమలో కూడా గొంతులు లేచాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించిన తర్వాత కూడా సొంత గనుల మాట తేలలేదు. బైలడీలా ఖనిజం పక్క నుంచే రేవుకు పోతుంటే, ఈ కర్మాగారం అదే ఖనిజాన్ని బజారు ధరకు కొనుక్కుంటూ వచ్చింది. అయితే ఈ హక్కు మాట చాటున మరో హక్కు మరుగున పడింది. కర్మాగారం కోసం 20 వేల ఎకరాలకు పైగా భూమి సేకరించారు, 60కి పైగా ఊళ్లు కదిలిపోయాయి. కదిలిన కుటుంబాల చేతికి ‘ఆర్ కార్డు’ ఇచ్చారు. ఇంటికో ఉద్యోగం అన్న ఆశకు ఆ కార్డే రుజువు. 1971లో శంకుస్థాపన జరిగితే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మధ్య గడిచిన ఇరవై ఏళ్లలో కార్డుదారుల పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఆ తర్వాత వాళ్ల పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. వేల కుటుంబాలకు ఉద్యోగం రాకుండానే కార్డు వారసత్వంగా మిగిలింది. గాజువాక, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో ఇప్పటికీ ‘ఆర్ కార్డు వాళ్లు’ అన్న మాట ఒక కులం పేరులా వినిపిస్తుంది. భూమి ఇచ్చినవాడి పేరు ప్రణాళిక పత్రంలో ఒక్కసారే, నిర్వాసితుడుగా కనిపిస్తుంది. తర్వాతి ఏ ప్రణాళికలోనూ వాటాదారుగా కనిపించదు.

ఇక నీళ్లు. ఏలేరు జలాశయం సామర్థ్యం 24 టీఎంసీలు. 1980ల్లో దాన్ని కట్టడానికి ముఖ్య ప్రేరణ ఉక్కు కర్మాగారం అవసరమే అయినా, ఏలేరు కింద తరతరాల సాగు ఉంది. తుపాను వచ్చిన ఏడు గేట్లెత్తి వదిలితే పొలాలు మునుగుతాయి, వాన లేని ఏడు పట్నానికి ముందు అంటే పొలాలు ఎండుతాయి. శారద నది మీద దేవరాపల్లి మండలంలో రైవాడ జలాశయం ఉంది. దాని నీళ్లలో నగరం వాటా తీసుకోవడం మీద అక్కడి రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేస్తూనే ఉన్నారు. రైవాడను పూర్తిగా సాగుకే కేటాయించాలన్నది వాళ్ల కోరిక. అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తనిని విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో ఆపిన తాటిపూడి జలాశయం కూడా నగరానికి నీళ్లిస్తుంది. మూడు జలాశయాలు, మూడు జిల్లాలు. నగరం సొంతమనదగ్గ మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, గంభీరం ఈ దాహం తీర్చలేవు. పైగా ఆ చెరువుల పరీవాహక ప్రాంతాల్లోకే కాలనీలు పాకాయి. ఏలేరు చాలక 2017లో పురుషోత్తపట్నం నుంచి గోదావరి నీళ్లు ఎత్తిపోశారు. పోలవరం ఎడమ కాలువలో 23.44 టీఎంసీలు విశాఖ వైపు తాగునీటికి, పరిశ్రమలకు కేటాయించారు. ఇలా చూస్తే ఈ నగరం నీటి పొలిమేర గోదావరి గట్టు దాకా ఉంది. ప్రణాళిక పొలిమేర అంత దూరం పోలేదు, పోయిన మేరకైనా నీటి లెక్క రాయలేదు.

పుచ్చుకోవడాల లెక్క ఇది. నగరం తిరిగి ఇచ్చినవాటిలో పొగను ముందు చెప్పాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖను చేర్చింది. 2010 మొదట్లో అలాంటి చోట్ల కొత్త పరిశ్రమల అనుమతులను కేంద్రం కొంతకాలం నిలిపివేసింది. ఊళ్లో పొగగొట్టాలు ఎక్కువయ్యాయని అందరూ ఒప్పుకున్నారు. కానీ పరిశ్రమల బరువు అప్పటికే దక్షిణానికి జారుతోంది. మల్కాపురం, మింది దాటి పరవాడకు, అక్కడి నుంచి అచ్యుతాపురానికి, ఇప్పుడు నక్కపల్లికి. పరవాడ దగ్గర ఫార్మా సిటీ గోడకు ఆనుకున్న తాడి గ్రామస్థులు అడుగుతున్నది రోడ్డో, బడో కాదు. ఊరినే తరలించమంటున్నారు. సొంత ఊరిని వదిలిపోతామని ఊరే అర్జీ పెట్టుకోవడం కంటే ప్రణాళిక వైఫల్యానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక రసాయన కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి పాకి 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో నగరం దాని గోడ దాకా పెరిగింది. నివాసాలకూ ప్రమాదకర రసాయనాలకూ మధ్య ఖాళీ నేల ఉండాలని చూడటమే ప్రణాళిక సంస్థ ఉండటానికి మొదటి కారణం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. ఈ ఊళ్ల పేర్లు నగరవాసుల నోట ఇలాంటి రోజుల్లోనే పలుకుతాయి.

ప్రణాళిక సంస్థ ఏమీ చేయలేదనడం అన్యాయం. ఎంవీపీ కాలనీ వంటి నివాస ప్రాంతాలు, బీచ్ పక్క పార్కులు, కైలాసగిరి వుడా చేతి పనులే. ప్రైవేటు ప్లాట్ల వ్యాపారం ఊరిని ఇష్టమొచ్చినట్టు కోసుకుపోకుండా ఒక కొలత తెచ్చింది కూడా అదే. ‘వుడా లేఔటు’ అంటే వెడల్పు రోడ్లు, మురుగు కాలువ, పత్రాలు సరిగా ఉన్న స్థలం అని మధ్యతరగతి నమ్మింది. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. కానీ సంస్థ బలం ఎక్కడుందో దాని పరిమితి కూడా అక్కడే ఉంది. లేఔట్ల అనుమతులు, అభివృద్ధి రుసుములు, స్థలాల అమ్మకాలు దాని ప్రధాన రాబడి. అలాంటప్పుడు దానికి కనిపించే పల్లె, ప్లాట్లుగా మారబోయే పల్లె. భోగాపురం నుంచి తగరపువలస దాకా, సబ్బవరం నుంచి చోడవరం దాకా రోడ్డు పక్క హోర్డింగుల మీద ‘వీఎంఆర్‌డీఏ అప్రూవ్డ్’ అన్న రెండు మాటలు మహానగర ప్రాంతం అన్న భావనకు జనవ్యవహారంలో మిగిలిన అర్థం. రైవాడ రైతుకు ఆ సంస్థతో ఏ పనీ లేదు. అతని నీళ్ల గురించి అది మాట్లాడదు, అతని పొలం అమ్మకానికొస్తేనే మాట్లాడుతుంది.

రాజ్యాంగం ఈ చిక్కును ముప్పై ఏళ్ల కిందటే చూసింది. 74వ సవరణతో వచ్చిన 243జడ్‌ఈ అధికరణం ప్రకారం పది లక్షలకు మించిన జనాభా ఉన్న ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక మహానగర ప్రణాళిక సంఘం ఉండాలి. దాని సభ్యుల్లో కనీసం మూడింట రెండు వంతుల మందిని ఆ ప్రాంతంలోని పురపాలక సంఘాల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచే ఎన్నుకోవాలి. ఊరి జనాభానూ పట్నం జనాభానూ బట్టి సీట్లు పంచాలి. ముసాయిదా ప్రణాళిక తయారీలో ఆ సంఘం చూడాల్సిన వాటిలో నీటి పంపకాన్ని, ఇతర సహజ వనరుల పంపకాన్ని, పర్యావరణ పరిరక్షణను రాజ్యాంగం పేరు పెట్టి చెప్పింది. ఏలేరు, రైవాడ, తాడి మూడింటికీ ఇందులో చోటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఇందుకు చట్టం కూడా వచ్చింది. ఆచరణలో విశాఖ ప్రాంతానికి ప్రణాళిక వేస్తున్నది 2016 చట్టం కింద ఏర్పడ్డ వీఎంఆర్‌డీఏ. దాని అధ్యక్షుణ్ణీ కమిషనరునూ నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. 2041 వరకు ఈ ప్రాంతం ఎలా ఉండాలో చెప్పే బృహత్ ప్రణాళికకు 2021 చివర్లో ఆమోదముద్ర పడింది. అది రూపుదిద్దుకున్న ఏళ్లలో ఎక్కువ భాగం నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2012 ఫిబ్రవరిలో గడువు తీరిన కార్పొరేషనుకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఊళ్ల సంగతి అటుంచితే, నగరానికే తన భవిష్యత్తు మీద ఓటు లేకుండా పోయింది.

రాజ్యాంగం చెప్పిన ఆ సంఘాన్ని ఏర్పాటుచేయాలంటే వచ్చే మొదటి అభ్యంతరం, ఎన్నికైన సంఘాలు పనిని సాగదీస్తాయన్నది. వందల పంచాయతీలు, అరడజను పట్టణాలు, ఒక మహానగరం కూర్చుని మాట్లాడుకుంటే విమానాశ్రయం ఎప్పటికి లేస్తుంది, రోడ్డు ఎప్పటికి పడుతుంది అంటారు. హైదరాబాదు అలాంటి సంఘం కోసం ఆగకుండానే ఎదిగింది కదా అని ఉదాహరణ కూడా చూపిస్తారు. కోల్‌కతా అనుభవం ఈ అభ్యంతరానికి కొంత బలమిస్తుందని ఒప్పుకోవాలి. 1994 నాటి చట్టంతో 2001లో దేశంలోనే ముందుగా అక్కడ మహానగర ప్రణాళిక సంఘం ఏర్పడింది. ముఖ్యమంత్రి అధ్యక్షతలో, పాత అభివృద్ధి సంస్థే కార్యాలయంగా నడవడంతో అది అనుకున్నంత స్వతంత్రంగా నిలబడలేకపోయింది. అంటే సంఘం పెట్టగానే అన్నీ చక్కబడవు. కానీ త్వరగా అవుతుందన్న వాదనకు విశాఖ ప్రాంతంలోనే జవాబుంది. ఎవరితోనూ మాట్లాడకుండా తీసుకున్న నిర్ణయాలు ఇక్కడ త్వరగా తెమలలేదు. ఉక్కు నిర్వాసితుల సమస్య అరవయ్యో పడికి దగ్గరపడుతోంది. గంగవరం రేవు 2009లో మొదలైనా అక్కడి మత్స్యకారుల గొడవలు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు సాగాయి. 2025లో నక్కపల్లి దగ్గర రాజయ్యపేట మత్స్యకారులు ఔషధ పరిశ్రమల పార్కు వద్దని రోడ్డెక్కారు. ముందు మాట్లాడటానికి పట్టే ఏడాదిని మిగుల్చుకుని, తర్వాత గొడవలకు ఇరవై ఏళ్లు ఖర్చుపెడుతున్నాం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నగరం ఇచ్చేదాన్ని తక్కువ చేసి చూపకండి అంటుంది అది. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, రిఫైనరీ, నౌకాదళం లేకపోతే ఉత్తరాంధ్ర ఎలా ఉండేది? వేల కుటుంబాలు కూలి బతుకు నుంచి నెలజీతానికి ఎక్కింది ఈ గేట్ల గుండానే. బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారం బస్సులు తెల్లవారకముందే ఊరూరా తిరిగి అమ్మాయిలను అచ్యుతాపురం చేరవేస్తున్నాయి. పొలం ధర ఎకరం కోట్లకు చేరిన రైతు నష్టపోయినట్టా? ఇవన్నీ నిజాలే. కానీ ఈ నిజాలు సమానంగా పరుచుకోలేదు. అంత పెద్ద నగరం పక్కనే ఉండగా శ్రీకాకుళం, విజయనగరం తీరాల మత్స్యకారులు ఇప్పటికీ వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ పోతున్నారు. 2018లో పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన ఇరవై మంది మత్స్యకారులు ఈ తీరం వాళ్లే. హైదరాబాదు, చెన్నై కట్టడం పనుల్లో శ్రీకాకుళం యాస వినపడని చోటు అరుదు. భూమి ధర పెరగడం అమ్మేవాడికి లాభం, సాగుచేసుకుంటూ ఉండిపోదామనుకున్నవాడికీ కౌలుదారుకూ కాదు. ఇక పన్నుల సంగతి. పారిశ్రామిక వాడల్లో పన్ను వసూలు చేసే అధికారం రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ ఆధ్వర్యంలోని స్థానిక అథారిటీలది. ఊరి పంచాయతీకి జమయ్యేది అందులో ఒక వాటా మాత్రమే. కర్మాగారం తన పొలిమేరలో ఉన్నా, దాని మీద మాట చెల్లని పంచాయతీ అది. నగరం మేలు చేస్తుందా అన్నది ఇక్కడ చర్చ కాదు. చేసిన మేలును ఎవరు కొలుస్తున్నారు, ఎవరికి అందిందని చూస్తున్నారు అన్నది చర్చ.

మూడో అభ్యంతరం నీటిది. తాగునీటికే మొదటి స్థానమని జాతీయ జలవిధానం కూడా చెబుతుంది కాబట్టి, లక్షలమంది దాహం ముందు కొన్ని వేల ఎకరాల సాగును నిలబెట్టడం తగదంటారు. తాగునీటి మీద ఎవరికీ పేచీ లేదు. రైవాడ రైతు కూడా బిందె నీళ్లకు అడ్డుపడడు. అయితే నగరానికి వచ్చే నీళ్లన్నీ బిందెల్లోకి పోవడం లేదు. ఉక్కు కర్మాగారం కోసం కట్టిన కాలువకు తాగునీటి కాలువ అని పేరు పెట్టి పరిశ్రమను దాని వెనక నిలబెట్టడం న్యాయమైన వాదన అనిపించుకోదు. తాగడానికి ఎంత, కర్మాగారానికి ఎంత, వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ పరిశ్రమకే ఇస్తే ఎంత మిగులుతుంది అని విడివిడిగా రాస్తే, సాగుతో పోటీపడుతున్నది ఏదో తేలిపోతుంది. పోలవరం ఎడమ కాలువ వస్తే ఈ గొడవలన్నీ తీరతాయని కూడా అంటారు. ఏలేరు వచ్చినప్పుడూ ఇలాగే అనుకున్నాం. కొత్త నీరు వచ్చేలోగా కొత్త దాహం ముందే వచ్చి కూర్చుంటుంది.

ఆ దాహం ఇప్పటికే గుమ్మంలో ఉంది. నీతి ఆయోగ్ వృద్ధి కేంద్రాలుగా ఎంచుకున్న నాలుగు నగర ప్రాంతాల్లో ముంబయి, సూరత్, వారణాసితో పాటు విశాఖ ఒకటి. ఆ ఆలోచనను రాష్ట్ర ప్రభుత్వం శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఒక ఆర్థిక ప్రాంతంగా విస్తరిస్తోంది. దక్షిణ కోస్తా రైల్వే జోను కేంద్ర కార్యాలయానికి, పూడిమడక హరిత హైడ్రోజన్ ప్రాజెక్టుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. విజయనగరం జిల్లా భోగాపురంలో రెండు వేల ఎకరాలకు పైగా భూమిలో అంతర్జాతీయ విమానాశ్రయం లేచింది. నక్కపల్లి దగ్గర మరో భారీ ఉక్కు కర్మాగారం రానుంది. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రాలు ప్రకటించింది. వాటికోసం తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వినబడుతున్నాయి. యంత్రాలను చల్లబరచడానికి నీరు కావాలి, నడపడానికి కరెంటు కావాలి. ఒక రకంగా ఇది మంచి పరిణామమే. ఏలేశ్వరం దాకా, గోదావరి దాకా ఒకే పటంగా చూడటం ఇదే మొదటిసారి. కానీ ఆ పటం కూడా పెట్టుబడులు ఎక్కడ దిగాలో చెప్పడానికే గీస్తే, పాత తప్పు ఇంకా పెద్ద కొలతలో జరుగుతుంది. 1,721 చదరపు కిలోమీటర్లలో లేని లెక్క 7,300లో రాలేదు. ఇంకా పెంచితే వస్తుందనుకోవడానికి ఆధారం లేదు.

ఏం చేయాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. మొదటిది, నీటి ఖాతా. ఏలేరు, రైవాడ, తాటిపూడి, పోలవరం కాలువల నుంచి ప్రతి నెలా ఎంత నీరు వచ్చింది, తాగడానికి, పరిశ్రమకు, సాగుకు ఎంత పోయింది, ఎంత ఇంకిపోయింది అన్నది అందరూ చూసేలా రాయాలి. నీటికి పరిశ్రమ చెల్లించే ధరలో ఒక వాటా ఆ జలాశయం కింది ఆయకట్టు బాగుకు, పూడికతీతకు, కాలువ గట్టుకు తిరిగి చేరాలి. రెండోది, పన్ను పంపకం. కర్మాగారం పొగ మోసే పంచాయతీకి ఆ కర్మాగారం పన్నులో చట్టప్రకారం పెద్ద వాటా ఉండాలి. మూడోది, దూరం. ప్రమాదకర రసాయనాల చుట్టూ ఇళ్లకు అనుమతిలేని వలయాన్ని బృహత్ ప్రణాళికలో గీసి, ఏ ప్రభుత్వం వచ్చినా మార్చలేకుండా కట్టడి చేయాలి. నాలుగోది, పై మూడింటినీ నిలబెట్టేది, ఓటు. 243జడ్‌ఈ చెప్పిన సంఘాన్ని విశాఖ ప్రాంతానికి నిజంగా ఏర్పాటుచేయాలి. నీటి విషయం చర్చకు వచ్చినప్పుడు పటం బయట ఉన్న ఏలేరు ఆయకట్టును కూడా పిలిచి కూర్చోబెట్టాలి. వీఎంఆర్‌డీఏ ఆ సంఘానికి ఇంజనీరుగా, పటం గీసే చేతిగా పనిచేయాలి. ఆ చేతికి పని తగ్గదు, యజమాని మాత్రం మారతాడు. కోల్‌కతా పాఠం గుర్తుంచుకుంటే, ఆ సంఘానికి ముఖ్యమంత్రి అధ్యక్షత కంటే సొంత కార్యాలయం, సొంత నిధి ముఖ్యం.

ఇదంతా నగరానికి వ్యతిరేకంగా పల్లెల తరఫు వకాలతు అనుకుంటే పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డప్పుడు తన బతుకు ఎన్ని దూరపు తీగలకు, ఎన్ని దూరపు గొట్టాలకు వేలాడుతోందో నగరం కొన్ని రోజులు చీకట్లో, కుళాయి ముందు నిలబడి చూసింది. తనను నిలబెడుతున్న ఊళ్లతో తెగని తగువులు పెట్టుకున్న నగరం ఎన్ని అంతస్తులు లేచినా గట్టిదనిపించుకోదు. ఏలేరు కాలువ గట్టున మోటారు బిగించిన రైతు చేస్తున్నది చౌర్యమే కావచ్చు. కానీ చౌర్యం అన్న మాట నిలబడాలంటే ముందు ఆ నీటిలో ఎవరి వాటా ఎంతో రాసిన కాగితం ఉండాలి, ఆ కాగితం రాసిన చోట ఆ రైతు ఎన్నుకున్న మనిషి కూర్చుని ఉండాలి. ఈ రెండూ లేని కాలువలో నీళ్లు తోడుకుంటున్న దొంగ ఏ చివరన ఉన్నాడో చెప్పడం కష్టం.